సందు చుక్కల ముగ్గు, మధ్యలో లేజర్: ఫోటానిక్ క్రిస్టల్ నానోలేజర్ చేసే వరస

మొన్న విశాఖ మద్దిలపాలెంలో టీ తాగుతుంటే ఒక జూనియర్ భుజాన బ్యాగు కూడా దించకుండా ఫోన్ నా ముందు పెట్టాడు.

“అన్నా, క్యూ రెండు లక్షలు దాటింది!”

“ఏ తరంగదైర్ఘ్యం దగ్గర?”

“1,390 నానోమీటర్లు.”

“మరి నీ వేఫర్ ఎక్కడ వెలుగుతుంది?”

క్యూ అంటే క్యావిటీ, అంటే కాంతిని బంధించే గది, కాంతిని ఎంతసేపు పట్టి ఉంచుతుందో చెప్పే అంకె. వేఫర్ అంటే లేజర్‌ను చెక్కే అర్ధవాహకపు పలక. వాడి వేఫర్ వెలిగేది 1,550 దగ్గర. 1,390 దగ్గర అది కాంతిని ఇవ్వదు, మింగేస్తుంది. మూడు వారాల సిమ్యులేషన్ టీతో పాటే చల్లారిపోయింది.

ఇలాంటివి తరచూ అడుగుతున్నారు కాబట్టి ఫోటానిక్ క్రిస్టల్ (క్రమంగా తొలిచిన రంధ్రాలతో కాంతిని ఆపే పలచటి పొర) లేజర్ చేసే మొత్తం వరస ఒకచోట రాస్తున్నాను. లక్ష్యం ఒకటే పెట్టుకుందాం. ఇండియం గాలియం ఆర్సెనైడ్ ఫాస్ఫైడ్ పలచటి పొరలో ఎల్3 క్యావిటీ (రంధ్రాల వరసలో మూడు రంధ్రాలు వదిలేసి చేసే గది), బయటి లేజర్‌తో శక్తి నింపడం, అంటే పంపింగ్, 1,550 దగ్గర వెలుగు. కరెంటుతో నడిచే రకానికి డోపింగ్, కాంటాక్టులు అదనపు తలనొప్పి. మొదటి పరికరానికి ఆ జోలికి పోవద్దు.

గాలియం ఆర్సెనైడ్ ఎందుకు కాదంటే, రంధ్రాలు తొలిచిన ప్రతి గోడ దగ్గరా ఎలక్ట్రాన్లు కాంతి ఇవ్వకుండానే వృథా అవుతాయి. ఈ నష్టం గాలియం ఆర్సెనైడ్‌లో చాలా ఎక్కువ, ఇండియం ఫాస్ఫైడ్ కుటుంబంలో బాగా తక్కువ. మన పరికరమంతా రంధ్రాలే కదా.

## 1. ముందుగా చేతిలో ఉండాల్సినవి

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయకముందే ఇవి సమకూర్చుకోండి:

- వేఫర్ పొరల పట్టిక: ఒక్కో పొర మందం, పదార్థం, క్వాంటమ్ బావులు (వెలుగిచ్చే అతి పలచటి పొరలు) ఎన్ని
- ఏమీ చెక్కని వేఫర్ ముక్క పంపు వేస్తే ఇచ్చే వెలుగు స్పెక్ట్రమ్, అంటే ఫోటోల్యూమినసెన్స్ (పీఎల్)
- 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, దానికో యూపీఎస్
- ఎలక్ట్రాన్ బీమ్ (నానో సైజులో గీసే యంత్రం) ఉన్న కేంద్రంలో స్లాట్ కోసం దరఖాస్తు
- ఒక మామూలు కాగితాల నోటు పుస్తకం

పొరల పట్టిక చూసేటప్పుడు అన్నిటికంటే పైన ఏముందో చూడండి. చాలా వేఫర్ల మీద రక్షణ కోసం పలచటి ఇండియం ఫాస్ఫైడ్ మూత ఉంటుంది. చివర్లో మనం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కింది ఇండియం ఫాస్ఫైడ్‌ను కరిగిస్తాం. ఆ మూత కూడా దాంతోపాటే పోతుంది. మూతను లెక్కలో కలుపుకుని 260 నానోమీటర్ల మందానికి డిజైన్ చేస్తే, చివరికి మిగిలేది 240. అప్పుడు మోడ్ (గదిలో నిలబడే కాంతి తరంగం) చెప్పాపెట్టకుండా పొట్టి తరంగదైర్ఘ్యం వైపు జరిగిపోతుంది. సిమ్యులేషన్‌లో పెట్టాల్సింది చివరికి మిగిలే మందమే.

యూపీఎస్ గురించి నవ్వకండి. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది. అక్టోబరు, నవంబరు రోజుల్లో రాత్రంతా నడిచే రన్ పెట్టి నిద్రపోతే తెల్లారేసరికి ఏం మిగులుతుందో చెప్పలేం. మధ్యమధ్యలో ఫలితాలు డిస్క్‌లోకి రాసుకునేలా స్క్రిప్టు రాసుకోండి.

## 2. తరంగదైర్ఘ్యం ముందు, క్యూ తర్వాత

పీఎల్ స్పెక్ట్రమ్ తీసి శిఖరం ఎక్కడుందో గుర్తుపెట్టండి. మన ఉదాహరణలో 1,550 అనుకుందాం. మోడ్‌ను శిఖరం మీద గానీ, కాస్త ఎర్ర వైపు, అంటే పొడుగు తరంగదైర్ఘ్యం వైపు గానీ పెట్టండి. అటువైపు బావులు తక్కువ పంపుకే పారదర్శకమవుతాయి. నీలం వైపు పెడితే ముందు బావుల ఆకలి తీర్చాలి.

ఇక లెక్క. పొర మందం పదార్థం లోపలి తరంగదైర్ఘ్యంలో సగం ఉండాలి. వక్రీభవన గుణకం 3.4 తీసుకుంటే 1,550ని 6.8తో భాగించాలి, 228 వస్తుంది. 220 నుంచి 250 లోపు ఏదైనా పనిచేస్తుంది, మనది 240.

రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరాన్ని పిచ్ అందాం. ఎల్3 ప్రధాన మోడ్ పిచ్‌ను తరంగదైర్ఘ్యంతో భాగిస్తే సుమారు 0.27 వచ్చే చోట ఉంటుంది. 1,550 ఇంటూ 0.27 అంటే 418. కాబట్టి 420తో మొదలుపెట్టండి. రంధ్రం వ్యాసార్థం పిచ్‌లో 0.29 వంతు, అంటే 122 నానోమీటర్లు.

ఈ మూడు అంకెలూ, వాటితో పాటు 1,550 కూడా నోటు పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఇకపై ఏ మార్పు చేసినా మోడ్ ఇంకా 1,550 దగ్గరే ఉందా అన్నదే మొదటి ప్రశ్న. మా జూనియర్ ఈ ప్రశ్న ఒక్కసారీ వేసుకోలేదు.

## 3. ముగ్గు వేయడం

ఇంట్లో అమ్మనో అత్తనో అడిగితే ఈ భాగం నాకంటే బాగా చెబుతారు. “13 చుక్కలు, సందు చుక్క, 7 వచ్చేదాకా” అంటే ఏమిటి? మధ్య వరసలో 13, పైకీ కిందకీ ఒక్కోటి తగ్గిస్తూ, పై వరస చుక్కలు కింది చుక్కల సందుల్లో పడేలా 7 దాకా పెట్టడం. మొత్తం ఆరు భుజాల ఆకారం. ఫోటానిక్ క్రిస్టల్‌లో త్రిభుజాకార లాటిస్ అంటే సరిగ్గా ఇదే.

మనకు కాస్త పెద్ద ముగ్గు కావాలి: 25 చుక్కలు, సందు చుక్క, 13 వచ్చేదాకా. మొత్తం 469 చుక్కలు. నట్టనడుమ పక్కపక్కన ఉన్న మూడు చుక్కలు పెట్టకుండా వదిలేయండి. 466 మిగులుతాయి. చుక్కలన్నీ రంధ్రాలు, ఆ వదిలేసిన చోటు కాంతి నిలబడే గది. స్క్రిప్టు రాశాక మొదట ఈ 466 సరిపోయిందో లేదో లెక్కపెట్టించండి.

వరసల మధ్య దూరం పిచ్ కాదు, పిచ్‌లో 0.866 వంతు. ఇక్కడ పిచ్చే వేసేసి లాటిస్‌ను సాగదీసిన వాళ్లు నాకు ఇద్దరు తెలుసు, అందులో ఒకడిని నేను.

తర్వాత గది రెండు చివర్లా ఉన్న ఒక్కో రంధ్రాన్ని బయటికి జరపాలి, పిచ్‌లో 0.15 వంతు, అంటే 63 నానోమీటర్లు. ఇది 2003లో క్యోటోలో నోడా బృందం సిలికాన్‌లో చూపించిన కిటుకు. ఈ చిన్న జరుపుతో వాళ్లు కొలిచిన క్యూ 45,000. జరపకపోతే అది కొన్ని వేల దగ్గరే ఆగుతుంది. గోడ ఒక్కసారిగా అడ్డుపడితే కాంతి పైకి చిమ్ముతుంది, మెత్తగా ఆపితే లోపలే ఉంటుంది.

## 4. సిమ్యులేషన్: ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే

మీప్, ఎంపీబీ అనే కాంతి సిమ్యులేషన్ ప్రోగ్రాములు రెండూ ఉచితమే. పైథాన్‌లో నడుస్తాయి. లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

4.1 రెండు కొలతల్లో (2డీ) తొందర చూపు. 240 నానోమీటర్ల పొరను రెండు కొలతలకు కుదిస్తే దాని గుణకం 3.4 కాదు, 2.80. ఇది పెట్టి నడిపితే కొద్ది సమయంలోనే మోడ్ ఆకారం, సుమారు స్థానం తెలుస్తాయి. స్క్రిప్టు తప్పులన్నీ ఇక్కడే పట్టుకోండి. ఇందులో వచ్చే క్యూను మాత్రం పట్టించుకోవద్దు. పైకీ కిందకీ కారడం అనేదే రెండు కొలతల్లో ఉండదు కాబట్టి అది ఎప్పుడూ గొప్పగానే కనిపిస్తుంది.

4.2 మూడు కొలతలు, మూడు అద్దాలు. సిమ్యులేషన్ నడిచే డబ్బా 20 పిచ్‌ల పొడవు, 16 వెడల్పు, 6 ఎత్తు, పిచ్‌కు 24 గళ్లు తీసుకుంటే మొత్తం గళ్లు సుమారు 2 కోట్ల 65 లక్షలు. కానీ ఎల్3కి మూడు దిక్కుల్లోనూ సౌష్ఠవం ఉంది. మూడు అద్దాలూ వాడితే లెక్క ఎనిమిదో వంతుకు, అంటే 33 లక్షలకు దిగుతుంది. మామూలు ల్యాప్‌టాప్ మీద అప్పుడే ఈ పని సాగుతుంది.

అద్దాల గుర్తుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. గది పొడవు ఎక్స్ దిశలో ఉంటే ప్రధాన మోడ్‌లో విద్యుత్ క్షేత్రం వై దిశలో ఊగుతుంది. సోర్సును మధ్యలో, వై దిశ విద్యుత్ క్షేత్రంగా పెట్టండి. అప్పుడు ఎక్స్ అద్దానికి ప్లస్ 1, వై అద్దానికి మైనస్ 1, జెడ్ అద్దానికి ప్లస్ 1. వై దగ్గర ప్లస్ పెడితే సోర్సు తన ప్రతిబింబంతో తనే రద్దయిపోతుంది. తెర మీద అంతా సున్నా. ప్రోగ్రామ్ మాత్రం ఏ తప్పూ చూపించదు, హాయిగా నడుస్తూనే ఉంటుంది.

4.3 అంచు పొర. ఆ డబ్బా చుట్టూ కాంతిని మింగే పొర, పీఎంఎల్, కనీసం ఒక పిచ్ మందం ఉండాలి. పైన, కింద దాన్ని మన పలచటి పొరకు మరీ దగ్గరగా పెట్టకండి. గదిని అంటుకుని ఉండే కాంతిని కూడా అది లాగేసి క్యూను తక్కువ చేసి చూపిస్తుంది. ఎత్తు 6 నుంచి 7కు పెంచి చూడండి. క్యూ గట్టిగా మారితే 6 చాలలేదన్నమాట.

4.4 క్యూ చదవడం. సోర్సు ఆగిపోయాక హార్మిన్వ్‌ను (పౌనఃపున్యం, క్యూ లెక్కగట్టే సాధనం) 300 నుంచి 500 కాల యూనిట్లు విననివ్వండి. అది ఇచ్చే జాబితాలో క్యూ రుణాత్మకంగా ఉన్నవీ, దోషం పెద్దగా ఉన్నవీ కొట్టేయండి. మిగిలిన దాని పౌనఃపున్యాన్ని వెంటనే నానోమీటర్లలోకి మార్చుకోండి. నోటు పుస్తకం మొదటి పేజీ గుర్తుందిగా.

4.5 కాంతి ఎటు కారుతోంది? డబ్బాను పెద్దది చేసి, పక్కల రెండు వరసల రంధ్రాలు చేర్చి మళ్లీ నడపండి. క్యూ పెరిగితే కారుతున్నది పక్కలకు, కాబట్టి వరసలు పెంచాలి. పెరగకపోతే కారుతున్నది పైకీ కిందకీ. దానికి ఎన్ని వరసలు చేర్చినా లాభం లేదు, చివరి రంధ్రాల జరుపునే సర్దుకోవాలి.

4.6 ఎక్కడ ఆపాలి? సిమ్యులేషన్‌లో 30, 40 వేలు వస్తే ఆపేయండి. నా మాటగా తీసుకోండి. రంధ్రం గోడల గరుకు, వాలు, బావులు మింగే కాంతి కలిసి అసలు చిప్ మీద దాన్ని కొన్ని వేలకు దించుతాయి. ఆ కొన్ని వేలు లేజర్‌కు చాలు. కాగితం మీద లక్షను రెండు లక్షలు చేయడానికి పెట్టే వారం, తర్వాతి అంచెలో పెడితే పరికరం వెలుగుతుంది.

ఇంకో మాట. పర్సెల్ సూత్రంలో (క్యావిటీ వల్ల వెలుగు విడుదల ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పేది) ఈ 40 వేల క్యూను పెట్టి “వెలుగు వేల రెట్లు పెరిగింది” అని స్లైడు వేయకండి. గది ఉష్ణోగ్రతలో క్వాంటమ్ బావుల వెలుగు క్యావిటీ గీత కంటే ఎన్నో రెట్లు వెడల్పు. అక్కడ పరిమితి విధించేది క్యావిటీ కాదు, ఆ వెడల్పే. వైవాలో మొదటి ప్రశ్న దీని మీదే పడుతుంది.

## 5. ఒక్క డిజైన్ కాదు, ఒక పట్టిక

తొలిచిన రంధ్రం గీసిన సైజులోనే వస్తుందని ఆశపడొద్దు. కొన్ని నానోమీటర్ల తేడాకే మోడ్ కదులుతుంది. రంధ్రం పెద్దదైతే తరంగదైర్ఘ్యం తగ్గుతుంది, చిన్నదైతే పెరుగుతుంది. పిచ్ ఒక్క నానోమీటర్ పెంచితే, వ్యాసార్థం, మందం కూడా అదే నిష్పత్తిలో పెరిగే పక్షంలో, మోడ్ 3.7 నానోమీటర్లు జరగాలి. మందం మారదు కాబట్టి అంతకంటే తక్కువే జరుగుతుంది.

అందుకని అడ్డంగా పిచ్ 405 నుంచి 435 దాకా 5 చొప్పున ఏడు విలువలు, నిలువుగా వ్యాసార్థం ఐదు విలువలు. 35 పరికరాలు. ఇదంతా ఒక డోసుకు, అంటే బీమ్ వేసే ఎలక్ట్రాన్ల ఒక మోతాదుకు. ఇదే పట్టికను నాలుగైదు ఎలక్ట్రాన్ డోసుల్లో మళ్లీ వేయించండి. చిప్ మీద చోటుకు కొదవ లేదు, ఒక్కో పరికరం పది మైక్రోమీటర్లే.

లేఅవుట్ ఫైలు పంపే ముందు కేలేఅవుట్‌లో తెరిచి ఇవి చూసుకోండి:

- ఒక్కో క్యావిటీ మొత్తం ఒకే రైటింగ్ ఫీల్డ్‌లో (స్టేజీ కదలకుండా బీమ్ గీయగల చోటు) ఉందా? ఫీల్డుల అతుకు గది మధ్యలో పడితే ఆ పరికరం పోయినట్టే.
- గ్రిడ్ 1 నానోమీటర్ లేదా అంతకంటే సన్నమా? 5 అయితే 63 కాస్తా 65 అవుతుంది.
- ప్రతి పరికరం పక్కన మైక్రోస్కోప్‌లో చదవగలిగే అంకె ఉందా?
- రంధ్రాల వృత్తాలు కనీసం 32 భుజాల బహుభుజులుగానైనా ఉన్నాయా?

ముగ్గు మధ్యలోని రంధ్రాలకు చుట్టుపక్కల నుంచి వెనక్కి చెదిరిన ఎలక్ట్రాన్లు కూడా తగులుతాయి కాబట్టి అవి అంచు రంధ్రాల కంటే పెద్దగా వస్తాయి. కేంద్రంలో సవరణ సాఫ్ట్‌వేర్ ఉంటే వాడించండి. లేకపోతే బయట రెండు మూడు వరసలు అదనంగా వేసి ఆ తేడా అంచులకే పరిమితమయ్యేలా చూడండి.

## 6. ఫ్యాబ్: ముందూ వెనుకా మారకూడని వరస

డిజైన్, లేఅవుట్, తర్వాత కొలతలు విశాఖలో కూర్చునే చేయొచ్చు. ఎలక్ట్రాన్ బీమ్ పనికి నేను బెంగళూరు వెళ్లాను. ఐఐఎస్సీ, ఐఐటీ బాంబే వంటి చోట్ల నానో కేంద్రాలను బయటి విద్యార్థులు వాడుకునేందుకు ఐఎన్‌యూపీ అనే కార్యక్రమం ఉంది. దరఖాస్తు, శిక్షణ, స్లాటు అన్నిటికీ నెలలు పడతాయి. మొదటి అంచెలోనే దాని ఊసెత్తింది అందుకే.

యంత్రాల సెట్టింగులు ఏ కేంద్రానికి ఆ కేంద్రంలో వేరు, అక్కడి వాళ్ల మాటే వినండి. వరస మాత్రం ఇది:

1. వేఫర్ ముక్క శుభ్రం చేసి, సిలికాన్ డయాక్సైడ్ మాస్క్ పొర
2. రెసిస్ట్ (ఎలక్ట్రాన్లు తగిలిన చోట మారే పదార్థం) పూత, ఎలక్ట్రాన్ బీమ్‌తో గీత, డెవలప్
3. ఫ్లోరిన్ ప్లాస్మాతో ముగ్గును మాస్క్‌లోకి దించడం
4. రెసిస్ట్ తీసేసి, క్లోరిన్ ప్లాస్మాతో పొరలోకి రంధ్రాలు
5. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం (హెచ్‌ఎఫ్)తో మాస్క్ తీసేయడం
6. చల్లటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, నీళ్ల మిశ్రమంతో కింది ఇండియం ఫాస్ఫైడ్‌ను కరిగించడం
7. కడిగి, జాగ్రత్తగా ఆరబెట్టడం

5, 6 తారుమారు చేయకండి. మాస్క్ పొరలో బిగువు ఉంటుంది. కింద ఆధారం పోయాక కూడా అది పైనే ఉంటే పొర అప్పడంలా వంకర తిరుగుతుంది.

ఆరో మెట్టులో ఆమ్లం అన్ని దిక్కులా ఒకేలా తినదు, స్ఫటిక దిశను బట్టి వేగం మారుతుంది. వేఫర్ అంచుకు సమాంతరంగా కొన్ని పరికరాలు, 45 డిగ్రీలు తిప్పి కొన్ని వేసి ముందు ఒక వృథా ముక్క మీద చూడండి. కింద కనీసం ఒక మైక్రోమీటర్ గాలి ఏర్పడాలి, లేకపోతే కాంతి కిందికి కారిపోతుంది.

ఏడో మెట్టులో నీళ్లు నేరుగా ఆరితే తలతన్యత పొరను కిందికి లాగి అంటించేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లోకి మార్చి ఆరబెట్టండి. క్రిటికల్ పాయింట్ డ్రయర్ ఉంటే ఇంకా మంచిది.

హెచ్‌ఎఫ్ దగ్గర ఒంటరిగా ఎప్పుడూ పనిచేయవద్దు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎక్కడుందో చూసుకున్నాకే సీసా ముట్టుకోండి. చర్మం మీద పడితే మంట వెంటనే తెలియకపోవచ్చు, నష్టం లోపల జరుగుతూనే ఉంటుంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోలు కొలవబోయే పరికరానికి కాదు, పట్టికలో దాని పక్కదానికి తీయండి. ఎక్కువసేపు ఎలక్ట్రాన్లు తగిలితే మీద కార్బన్ మరక పడుతుంది.

తిరుగు ప్రయాణంలో చిప్‌ను జెల్ డబ్బాలో పెట్టి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో వేసుకోండి. ఏసీ బోగీ దిగి మన స్టేషన్ ఉక్కలోకి రాగానే కళ్లద్దాలు ఎలా మసకబారతాయో చల్లగా ఉన్న చిప్‌కూ అంతే. ఇంటికొచ్చాక డబ్బా గది వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడు తెరవండి. ల్యాబ్ బీచ్ వైపు ఉంటే చిప్ పగలూ రాత్రీ డెసికేటర్‌లోనే ఉండాలి.

## 7. వెలిగించడం

కావలసినవి: 980 నానోమీటర్ల పంపు లేజర్, దాన్ని పల్సులుగా నడిపే డ్రైవర్, పొడుగు పని దూరం ఉన్న 50 రెట్ల ఆబ్జెక్టివ్, పంపు కాంతిని ఆపే ఫిల్టర్, ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్ ఉన్న స్పెక్ట్రోమీటర్, పోలరైజర్.

980 కంటికి కనిపించదు. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లజోడు పెట్టుకోండి. వాచీ, ఉంగరం, గాజులు తీసేయండి. లోహం మీద పడి తిరిగొచ్చే కిరణం ఎటు పోతుందో చెప్పలేం.

మొదట పల్సులతోనే. గాలిలో వేలాడే పొరకు వేడి పోయే దారి చాలా ఇరుకు. 1999లో కాల్‌టెక్‌లో వెలిగిన మొదటి ఫోటానిక్ క్రిస్టల్ లేజర్ కూడా 143 కెల్విన్ చలిలో, పల్సు పంపుతోనే వెలిగింది. పది, ఇరవై నానోసెకన్ల పల్సు, ఒక శాతం లేదా అంతకంటే తక్కువ డ్యూటీ (మొత్తం సమయంలో పంపు వెలిగి ఉండే వాటా) పెట్టుకోండి.

క్రమం ఇలా:

1. ముగ్గు లేని ఖాళీ చోట పంపు వేసి పీఎల్ చూడండి. రాకపోతే సమస్య పరికరంలో కాదు, మీ ఆప్టిక్స్‌లో.
2. పట్టిక మధ్య పరికరం మీదికి రండి. వెడల్పాటి పీఎల్ మీద సన్నటి ముల్లు కోసం వెతకండి.
3. పోలరైజర్ తిప్పండి. ఎల్3 ప్రధాన మోడ్ గది పొడవుకు అడ్డంగా ధ్రువితమై ఉంటుంది. ముల్లు ఒక కోణంలో వెలిగి, 90 డిగ్రీలకు మాయమవ్వాలి.
4. పక్క పరికరాలకు వెళ్లండి. పిచ్ పెరుగుతుంటే ముల్లు ఎర్ర వైపు నడవాలి. నడవకపోతే మీరు చూస్తున్నది క్యావిటీ మోడ్ కాదు.
5. శిఖరానికి దగ్గరగా ఉన్న పరికరం ఎంచుకుని పంపును మెల్లగా పెంచుతూ వెలుగు, గీత వెడల్పు, స్థానం మూడూ రాసుకోండి.

గీత వెడల్పు దగ్గర ఒక చిక్కు ఉంది. క్యూ 3,000 అంటే వెడల్పు సుమారు 0.5 నానోమీటర్, స్పెక్ట్రోమీటర్‌కు తేలిగ్గా కనిపిస్తుంది. మీ స్పెక్ట్రోమీటర్ 0.1 వరకే చూడగలిగితే 15,500 కంటే ఎక్కువ క్యూ అందులో తెలియదు. అక్కడ గీత సన్నబడడం ఆగితే అది పరికరం గుణం కాదు, మీ యంత్రం హద్దు. రిపోర్టులో ఆ హద్దు రాయండి.

ముల్లు కనిపించగానే “లేజర్ వచ్చేసింది” అని ఫోన్లు చేయకండి. మామూలు వెలుగును కూడా క్యావిటీ వడగట్టి ముల్లులాగే చూపిస్తుంది. లేజర్ అనడానికి ఇవన్నీ కలిసి రావాలి:

- పంపు, వెలుగు రెండూ లాగ్ స్కేలులో గీస్తే ఎస్ ఆకారపు వంపు
- ఆ వంపు దగ్గరే గీత సన్నబడడం
- వంపు దాటాక వెనకాల వెడల్పాటి పీఎల్ పెరగడం దాదాపు ఆగిపోవడం
- ఒకటికి మించి పరికరాల్లో ఇదే తీరు

ఈ చిన్న గదుల్లో వెలుగులో పెద్ద వాటా ఒకే మోడ్‌లోకి పోతుంది కాబట్టి వంపు మెత్తగా ఉంటుంది. మామూలు స్కేలులో అసలు కనబడకపోవచ్చు. కనీసం రెండు దశకాల (అంటే వంద రెట్ల) పంపు పరిధిలో, దశకానికి, అంటే ప్రతి పది రెట్లకు, పది బిందువులు తీయండి. వంపు మరీ మెత్తగా ఉంటే ఫోటాన్ గణాంకాల కొలత తప్పదు, దానికి వేరే సరంజామా కావాలి.

థ్రెషోల్డ్ (లేజర్ మొదలయ్యే పంపు స్థాయి) రాసేటప్పుడు ఆబ్జెక్టివ్ మీద పడిన శక్తా, పొర మింగిన శక్తా స్పష్టంగా చెప్పండి. 240 నానోమీటర్ల పొర మింగేది కొద్ది భాగమే. రెండిటినీ కలగాపులగం చేస్తే మీ అంకెను ఎవరి అంకెతోనూ పోల్చలేం.

## 8. వెలగకపోతే

పీఎల్ ఉంది, ముల్లు లేదు. మోడ్ పీఎల్ పరిధి బయట పడింది. పట్టిక రెండు మూలలకూ వెళ్లండి: అతి పెద్ద పిచ్ చిన్న రంధ్రం, అతి చిన్న పిచ్ పెద్ద రంధ్రం. ఏదో ఒక మూల దొరుకుతుంది.

ముల్లు ఉంది కానీ లావుగా ఉంది. పక్క పరికరం ఫొటోలో రంధ్రాల గోడలు నిటారుగా ఉన్నాయా చూడండి. గరాటులా వాలిన గోడ కాంతిని కిందికి తోస్తుంది. గోడలు బాగుంటే కింద గాలి చాలలేదేమో చూడండి.

పంపు పెంచితే ముల్లు ఎర్ర వైపు జారిపోతూ వెలుగు తగ్గుతోంది. వేడి. క్యావిటీ మోడ్ డిగ్రీకి సుమారు 0.1 నానోమీటర్ జరిగితే బావుల శిఖరం 0.5 దాకా జరుగుతుంది, రెండూ విడిపోతాయి. పల్సు చిన్నది చేయండి, డ్యూటీ తగ్గించండి. ఇంకా ఎర్ర వైపున్న పరికరం ప్రయత్నించండి.

పంపు పెంచినప్పుడు నీలం వైపు జారుతోంది. కంగారు వద్దు. పోగవుతున్న ఎలక్ట్రాన్లు గుణకాన్ని తగ్గిస్తాయి. థ్రెషోల్డ్ దాకా ఇది మామూలే.

నిన్న వెలిగింది, ఇవాళ లేదు. ముందు పంపు చుక్కను చూడండి. ఈ ఆబ్జెక్టివ్‌తో అది మూడు మైక్రోమీటర్లలోపే, గది పొడవు అంతకంటే చిన్నది. ఏసీ ఆన్ చేస్తే స్టేజీ ఆమాత్రం కదలడం మామూలే. చుక్క సరిగ్గానే ఉండి, మైక్రోస్కోప్‌లో పొర రంగు మారినట్టు కనిపిస్తే పంపుకు కాలిపోయి ఉంటుంది. అంకె నోట్ చేసుకుని, పట్టికలో అదే పిచ్, అదే వ్యాసార్థం ఉన్న వేరే డోసు పరికరానికి వెళ్లండి.